ఆ మూడేళ్లు ఎవరి ఆఫీసులో గడపాలి?

2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు అడ్వకేటుగా ప్రాక్టీసు చేసి ఉండాలి. 1993లో ఇదే షరతు పెట్టారు, 2002లో తీసేశారు, ఇప్పుడు మళ్లీ తెచ్చారు. ఆ వారమంతా మా జిల్లా కోర్టు బార్ రూమ్‌లో, అంటే అడ్వకేట్లం కూర్చునే గదిలో, అదే చర్చ. ఎక్కువమంది సంతోషించారు. "కాలేజీ నుంచి నేరుగా వచ్చి కుర్చీలో కూర్చుంటే కేసు ఎలా నడుస్తుందో వాళ్లకేం తెలుస్తుందమ్మా" అన్నారు నేను గౌరవించే ఒక సీనియర్ గారు. ఆయన మాటను కాదనలేను. సాక్షి బోనులో ఉండగా ఏ ప్రశ్నను ఆపాలో, దేన్ని వదిలేయాలో తెలియక సతమతమైన కొత్త జడ్జీలను నేనూ చూశాను. ఆ సతమతానికి మూల్యం చెల్లించేది కక్షిదారు.

అదే రోజు సాయంత్రం, అడ్వకేటుగా కొత్తగా ఎన్‌రోల్ (నమోదు) అయిన ఒక అమ్మాయి నా దగ్గరకొచ్చింది. చదువుతున్నప్పటి నుంచే ఆ పరీక్షకు తయారవుతున్న పిల్ల. తీర్పు బాగుందా లేదా అని అడగలేదు. "మూడేళ్లు చేస్తాను మేడమ్, కానీ ఎవరి ఆఫీసులో చేయాలి?" అంది.

తీర్పు మీద వచ్చిన వ్యాసాలు చాలా చదివాను. ఈ ప్రశ్న వాటిలో ఎక్కడా కనపడలేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జడ్జికి ప్రాక్టీసు అనుభవం ఉండాలి. కానీ ఆ అనుభవం దొరికే చోటును, అంటే జూనియర్‌గా గడిపే మొదటి మూడు నాలుగేళ్లను, బాగుచేయకుండా ఈ షరతు ఒక్కటే పెడితే ఆడపిల్లలకు అన్యాయం జరుగుతుంది. ఇన్నాళ్లూ వాళ్లు జడ్జీలు కాగలిగింది ఆ చోటును దాటేసి వెళ్లే దారి ఒకటి తెరిచి ఉండటం వల్లే. ఇప్పుడు ఆ దారి మూసేశారు.

పరీక్ష వల్ల ఏం జరిగింది

సుప్రీంకోర్టు పరిశోధన విభాగం 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం జిల్లా స్థాయి న్యాయవ్యవస్థలో మహిళలు 36.3 శాతం. హైకోర్టులకు వచ్చేసరికి ఆ రోజుల్లో అది 13, 14 శాతం దగ్గరే ఆగింది. అడ్వకేట్ల సంగతి చూస్తే, 17 లక్షల మందిలో మహిళలు 15 శాతమే అని ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు జస్టిస్ ఎన్.వి. రమణ గారు 2021లో చెప్పారు. ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే కనపడుతుంది. పరీక్ష ఉన్న చోట ఆడవాళ్లు వచ్చారు. పరిచయాలతో, ఎవరో ఒకరు చెయ్యి పట్టి పైకి తీసుకురావడంతో నడిచే చోట రాలేకపోయారు.

రిజర్వేషన్ల పాత్ర కూడా ఉంది, దాన్ని తక్కువ చేయను. అయితే రిజర్వేషన్ అమలు కావాలన్నా ముందు ఒక నోటిఫికేషన్, ఒక పరీక్ష, ఒక మెరిట్ లిస్టు ఉండాలి. జవాబు పత్రం దిద్దేవారికి ఆ అమ్మాయి ఎవరి కూతురో, ఎవరి కోడలో, రాత్రి ఎన్నింటి దాకా ఆఫీసులో ఉండగలదో తెలియదు. బార్‌లో అందరికీ ముందు తెలిసేవి అవే.

పైస్థాయిలో ఇది ఇంకా స్పష్టంగా ఉంటుంది. జస్టిస్ ఫాతిమా బీవీ 1989లో సుప్రీంకోర్టుకు వచ్చిన తొలి మహిళ. 2021 ఆగస్టు 31న ముగ్గురు మహిళలు ఒకేరోజు ప్రమాణం చేశాక ఆ లెక్క పదకొండుకు చేరింది. ఆ పదకొండు మందిలో హైకోర్టు జడ్జి కాకుండా నేరుగా బార్ నుంచి వెళ్లింది ఒక్క జస్టిస్ ఇందూ మల్హోత్రా గారే, అదీ 2018లో. మగవాళ్లలో అలా వెళ్లినవారు పలువురు ఉన్నారు, మన తెలుగువారు జస్టిస్ నాగేశ్వరరావు గారు, జస్టిస్ నరసింహ గారు కూడా. సుప్రీంకోర్టు సీనియర్ అడ్వకేటుగా గుర్తించిన తొలి మహిళ లీలా సేఠ్, 1977లో. ఆ తర్వాతి మహిళ ఇందూ మల్హోత్రా, 2007లో. మధ్యలో ముప్పై ఏళ్లు! ఆ ముప్పై ఏళ్లలో సమర్థులైన మహిళా న్యాయవాదులు ఢిల్లీలో లేరంటే నమ్మగలమా? 2024 జనవరిలో మాత్రం 56 మందిలో 11 మంది మహిళలకు ఆ హోదా వచ్చింది. మార్పు వస్తోంది, సంతోషమే.

చట్టం అడ్డుపడ్డ కాలం వేరు. రెజీనా గుహ ఎం.ఎ., బి.ఎల్. చదివి 1916లో ప్లీడరుగా చేర్చుకోమంటే కలకత్తా హైకోర్టు స్త్రీలకు ఆ అర్హత లేదంది. 1921లో సుధాంశుబాలా హజ్రాకు పాట్నాలో అదే జవాబు. 1923లో చట్టం తెచ్చి ఆ అడ్డు తీసేశారు. అది తీసి నూరేళ్లు దాటింది. ఇప్పుడున్న అడ్డు ఏ చట్టంలోనూ రాసి లేదు, కాబట్టి దాన్ని ఏ రిట్ పిటిషన్‌తోనూ కొట్టేయించలేం.

సాయంత్రం ఆరు తర్వాత

మా జిల్లా కోర్టుల్లో ఆఫీసు అంటే చాలావరకు సీనియర్ గారి ఇంటి ముందు గది. పదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా కోర్టులో ఉంటాం. అక్కడ జూనియర్ చేసే పని ఏమిటి? కేసు పిలిస్తే లేచి నిలబడటం, వాయిదా అడగడం, పాస్ ఓవర్ (కేసును కాసేపాగి పిలవమని) చెప్పడం, కాపీ అప్లికేషన్ వేయడం, ఆబ్జెక్షన్‌తో రిటర్న్ అయిన కాగితాలు సరిచేసి మళ్లీ దాఖలు చేయడం. ఇవన్నీ అవసరమే. కానీ కేసు అంటే ఏమిటో నేర్చుకునేది సాయంత్రం ఆరు తర్వాత, ఆ ముందు గదిలో. పార్టీ, అంటే కక్షిదారు, వచ్చి కూర్చుని, పొలం గట్టు గొడవ దగ్గర మొదలుపెట్టి, తాతగారి వీలునామా దగ్గరకు వచ్చి, అందులో ఏది దావాలో రాయాలో ఏది వదిలేయాలో సీనియర్ తేల్చే సమయం అది. రేపటి క్రాస్‌కు (అవతలి పక్షం సాక్షిని అడగడానికి) ప్రశ్నలు తయారయ్యేది అప్పుడే.

మంచి సీనియర్ అయితే అమ్మాయిని "ఏడుకల్లా బయలుదేరమ్మా, చీకటి పడుతుంది" అంటారు. ప్రేమతోనే అంటారు. పార్టీ ఏడున్నరకు వస్తాడు. అప్పటికి అక్కడున్న అబ్బాయి నోట్స్ రాసుకుంటాడు, పార్టీకి తన ఫోన్ నెంబరు ఇస్తాడు. వాయిదా ఎప్పుడని పార్టీ ఆ అబ్బాయికే ఫోన్ చేస్తాడు. మూడేళ్లు తిరిగేసరికి పార్టీ బావమరిది చెక్కు కేసు ఆ అబ్బాయి సొంత కేసు అవుతుంది. అమ్మాయి కూడా అంతే కష్టపడి ఉంటుంది. పార్టీకి ఆమె పేరు తెలియదు.

ఇది బయటివాళ్లకు చిన్న విషయంగా అనిపించొచ్చు. కానీ మా వృత్తిలో ప్రకటనలు ఇచ్చుకోకూడదు. బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. బోర్డు పెద్దదిగా ఉండటానికి కూడా వీల్లేదు. అంటే కేసు వచ్చే దారి పరిచయం ఒక్కటే. నోటి మాటే మా పెట్టుబడి. ఆ నోటి మాట పుట్టేది సాయంత్రం ఆఫీసులో, కోర్టు బయట టీ దగ్గర, పార్టీతో కలిసి ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లే బండి మీద. ఈ మూడు చోట్లా అమ్మాయి ఉండదు. ఉంటే జనం ఏదో అంటారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది సరైనదే. పల్లె నుంచి వచ్చిన, ఇంట్లో ఎవరూ ప్లీడర్లు లేని అబ్బాయికీ ఇదే కష్టం కదా? అవును. నెలకు పెట్రోలు డబ్బులు కూడా రాక ఏడాదికే నల్లకోటు విప్పేసిన అబ్బాయిలను నేనెరుగుదును. కులం, ఊరు, బంధువర్గం ఈ వృత్తిలో ఎంత పనిచేస్తాయో బార్‌లో అందరికీ తెలుసు. కానీ ఆ అబ్బాయి ఇంటికి వెళ్లే బస్సు తప్పిపోతే ఆఫీసులోనే చాప వేసుకుని పడుకోగలడు. గుమస్తా బండి వెనక కూర్చుని పక్క ఊరి కోర్టుకు వెళ్లగలడు. ఆ వెసులుబాటు కూడా లేని పేదింటి అమ్మాయికి రెండు కష్టాలూ కలిసి వస్తాయి. ఒకరి కష్టం చెప్పి రెండోవారి కష్టాన్ని కొట్టేయలేం.

కమిషన్ వారెంటు

కోర్టు బయట ఉన్నవారికి అంతగా తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఇంజంక్షన్ దావాల్లో (అవతలివారు ఫలానా పని చేయకుండా ఆపమని వేసేవి), హద్దుల తగాదాల్లో స్థలం చూసి రిపోర్టు ఇవ్వమని కోర్టు ఒక అడ్వకేటును కమిషనర్‌గా పంపుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు కింద ఇచ్చే ఆ ఉత్తర్వే కమిషన్ వారెంటు. సాక్ష్యం రికార్డు చేయడానికి కూడా కమిషనర్‌ను వేస్తారు. ఫీజు కోర్టు నిర్ణయిస్తుంది, పార్టీ కడుతుంది. చాలామంది జూనియర్లకు ఇది సీనియర్ చేతి మీదుగా కాకుండా తమ పేరు మీద వచ్చే మొదటి డబ్బు. డబ్బుకన్నా ముఖ్యం, ఇద్దరు వకీళ్లూ, రెండు పక్షాల మనుషులూ ఆ రోజు ఆ జూనియర్ మాట వింటారు. కొలతలు ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో చెప్పేది కమిషనరే.

కాలువ పక్క దారి తగాదా ఒకటి వచ్చింది. ఆ వారెంటు తనకు ఇవ్వమని ఒక జూనియర్ అమ్మాయి అడిగింది. జడ్జి కూడా మహిళే. చాలా మంచి ఆఫీసర్. "ఆ ఊళ్లో గొడవలు ఎక్కువ, నిన్ను అక్కడికి పంపి నేను ఇక్కడ స్థిమితంగా ఉండలేనమ్మా, ఇంకోటి వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు. వారెంటు ఒక అబ్బాయికి వెళ్లింది. ఆ జడ్జి గారి భయం నాకు అర్థమవుతుంది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అలాగే ఆలోచించి ఉండేదాన్నేమో. కానీ ఆ అమ్మాయి బయటకు వచ్చి అన్న మాట నన్ను వదల్లేదు. "సర్వేయర్ గారు వస్తారు, రెండు పక్షాల వకీళ్లూ ఉంటారు, కావాలంటే పోలీసు సాయానికి ఆర్డర్ ఇవ్వొచ్చు. నాకు భయం లేదు మేడమ్. నా భయం కూడా వాళ్లే పడుతున్నారు."

గొడవ ఊరని ఒకటి, దూరం ఊరని ఇంకొకటి, చీకటి పడుతుందని మరొకటి పోతే అమ్మాయికి మిగిలేవి ఊళ్లోని అపార్ట్‌మెంటు కేసులు, అవి కూడా ఏడాదికి ఒకటో రెండో. ఎవరూ ఆమెకు చెడు చేయాలనుకోలేదు. మూడేళ్ల తర్వాత ఆమె అనుభవం మాత్రం సగమే.

ఫ్యామిలీ కోర్టు వైపు

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు మన రాజమండ్రిలో పుట్టారు, 1942లో లా డిగ్రీ తీసుకుని మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేశారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూ గారి దాకా తీసుకెళ్లారు. మూడు దశాబ్దాలకు 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది. కోర్టంటే బెదిరిపోయే ఆడవాళ్లకు ఆ గది కాస్త ఊరట అన్నది నా అనుభవం కూడా.

ఆ మేలును ఒప్పుకుంటూనే ఇంకో సంగతి అడగాలి. మహిళా అడ్వకేటు అనగానే బార్‌లో అందరి చూపూ ఆ గది వైపే ఎందుకు వెళ్తుంది? విడాకులు, మెయింటెనెన్స్ (భరణం), గృహహింస కేసులు. "మీకైతే ఆడవాళ్ల బాధ తెలుస్తుంది మేడమ్" అని పంపుతారు. అదే ఇంట్లో ఆస్తి పంపకాల దావా ఉంటే అది సీనియర్ సార్ చూస్తారు. ఫ్యామిలీ కోర్టులో వకీలును పెట్టుకోవడం పార్టీకి హక్కుగా లేదు, చట్టంలోని 13వ సెక్షన్ అలా చెబుతుంది. కోర్టు అనుమతితోనే వాదిస్తాం. ఫీజు ఇచ్చేది కూడా చాలాసార్లు చేతిలో డబ్బులేని భార్య. ఆమె దగ్గర గట్టిగా అడగలేం, అడగకూడదు కూడా. అలా మనసుకు దగ్గరైన పని, చేతికి డబ్బు రాని పని మాకు మిగులుతుంది. టైటిల్ (ఆస్తి హక్కు) దావాలు, కంపెనీల కేసులు, భూసేకరణ నష్టపరిహారాలు, ప్రభుత్వం తరఫున వాదించే ప్యానెళ్లు ఇంకొకరికి వెళ్తాయి.

ఈ మాట అంటే నా తోటి మహిళా న్యాయవాదులే కొందరు నొచ్చుకుంటారు. ఫ్యామిలీ కోర్టులో పనిచేయడం తక్కువా అంటారు. తక్కువ కాదు. అక్కడ ఉండాలని ఎంచుకున్నవారి ముందు నేను చేతులు జోడిస్తాను. నా గొడవ ఎంచుకునే అవకాశం గురించి. జూనియర్ సివిల్ జడ్జిగా వెళ్లే అమ్మాయి ముందుకు వచ్చేవి ఎక్కువగా ఇంజంక్షన్లు, ప్రామిసరీ నోటు దావాలు, పంపకాలు. మూడేళ్లు మెయింటెనెన్స్ పిటిషన్లు మాత్రమే రాసి వెళ్లిన పిల్లకు ఆ తీర్పు ఆశించిన అనుభవం వచ్చినట్టా?

సంతకం పెట్టేది ఎవరు

తీర్పులో నాకు ఎక్కువ టెన్షన్ పుట్టించిన భాగం ఇది. మూడేళ్లు ప్రాక్టీసు చేసినట్టు ఆ కోర్టు ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసర్ గానీ, కనీసం పదేళ్ల అనుభవం ఉన్న అడ్వకేటు గానీ సర్టిఫికెట్ ఇవ్వాలి. అడ్వకేటు ఇస్తే దాన్ని జిల్లా ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసర్ ధ్రువీకరించాలి. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (తాత్కాలిక నమోదు) తేదీ నుంచి లెక్కించమన్నారు, జడ్జి దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్నీ కలుపుకోమన్నారు. ఆ రెండూ మంచి పనులు. కానీ ఆచరణలో సర్టిఫికెట్ అంటే సీనియర్ సంతకం. జీతం ఇవ్వని, నియామక పత్రం లేని, రేపటి నుంచి రావద్దంటే ఎక్కడా చెప్పుకోలేని చోట ఒక అమ్మాయి భవిష్యత్తును ఒక్క మనిషి చేతిలో పెట్టారు.

నాకు తెలిసిన ఒక జూనియర్ ఏడాది గడిచాక ఒక ఆఫీసు మానేసి ఇంకో ఆఫీసుకు మారింది. ఎందుకో చెప్పలేదు. నేను గుచ్చి అడగలేదు. తీర్పు వచ్చాక ఆమె అడిగింది, "మొదటి ఏడాది లెక్కలోకి రావాలంటే ఆయన దగ్గరకు వెళ్లి సంతకం అడగాలా మేడమ్?" ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు విన్నవాళ్లకు ఎందుకు మానేసిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటప్పుడు ఫిర్యాదు ఎక్కడ చేయాలి? పని స్థలంలో లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. జీతం లేకుండా పనిచేసేవారు, శిక్షణలో ఉన్నవారు కూడా దాని కిందకు వస్తారని చట్టంలోనే ఉంది. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట్ల ఫిర్యాదుకు జిల్లా స్థాయి కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఎక్కడ కూర్చుంటుందో మా జూనియర్లలో ఎవరికీ తెలియదు. కోర్టు వరండాలో వేరే అడ్వకేటు వేధిస్తే? 2025 జులైలో బొంబాయి హైకోర్టు ముందుకు ఈ విషయం వచ్చింది. బార్ కౌన్సిల్‌కూ అడ్వకేట్లకూ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి వారికోసం ఆ చట్టం కింద కమిటీలు వేయాల్సిన బాధ్యత కౌన్సిల్‌కు లేదని, అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద దుష్ప్రవర్తన ఫిర్యాదు చేసుకోవచ్చని ఆ కోర్టు చెప్పింది. ఆ ఫిర్యాదు వినేది బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ. దాన్ని వేసే కౌన్సిల్ సభ్యులకు ఓట్లు వేసేది అడ్వకేట్లు. సీనియర్ల ఆఫీసుల్లో ఓట్లు గంపగుత్తగా పడతాయని మా అందరికీ తెలుసు.

అందుకే 2025 డిసెంబరులో రాష్ట్ర బార్ కౌన్సిళ్లలో మహిళలకు 30 శాతం చోటు ఉండాలని సుప్రీంకోర్టు చెప్పడం నాకు పెద్ద విషయం. అంతకుముందు 2024 మేలో సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ కమిటీలో మూడో వంతు పదవులు మహిళలకు కేటాయించారు. "కోశాధికారి పోస్టు ఇస్తే కేసులు వస్తాయా?" అని కొందరు వాదిస్తున్నారు. రావు. కానీ కోర్టు ఆవరణలో మహిళలకు మరుగుదొడ్డి ఉందా, పాలిచ్చే తల్లికి ఒక గది ఉందా అనే ప్రశ్న ఎజెండాలో మొదటి అంశంగా రావాలంటే ఆ బల్ల దగ్గర ఆడవాళ్లు ఉండాలి. ఆరు వేల ట్రయల్ కోర్టుల్లో 22 శాతం చోట్ల మహిళలకు వేరుగా టాయిలెట్ లేదని 2021లో దేశ ప్రధాన న్యాయమూర్తే చెప్పాల్సి వచ్చింది. 2025 జనవరిలో అన్ని కోర్టుల్లోనూ కట్టించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. మధ్యాహ్నం క్రాస్ ఉందంటే పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండే జూనియర్లు నాకు ఇప్పటికీ కనపడతారు.

డబ్బు సంగతి

2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలని సర్క్యులర్ ఇచ్చింది. సలహాగా మాత్రమే. జిల్లా కోర్టు సీనియర్లలో అంత ఇవ్వగలిగినవారు ఎందరుంటారు? ఇక్కడ నాకు ఒక అనుమానం ఉంది, ఇంకా తీరలేదు. సీనియరే ఇవ్వాలని గట్టిగా రూలు పెడితే ఆయన ఇంకా ఎక్కువగా అబ్బాయినే ఎంచుకుంటారేమో. "అమ్మాయికి పెళ్లైతే వెళ్లిపోతుంది, ఆ డబ్బు దండగ" అనే లెక్క ఇప్పుడే వినపడుతోంది. ప్రసూతి సెలవుల విషయంలో ఇంకో చిక్కు. 2017 సవరణతో ఉద్యోగినులకు 26 వారాల సెలవు వచ్చింది. సొంతంగా ప్రాక్టీసు చేసేవారికి అదేమీ లేదు. బిడ్డ పుట్టిన ఆర్నెల్లలో వకాలత్‌లన్నీ (తన తరఫున వాదించమని పార్టీ సంతకం చేసి ఇచ్చే పత్రాలు) ఇంకొకరికి వెళ్లిపోతే అడిగే దిక్కు లేదు.

కాబట్టి ఆ డబ్బు సీనియర్ జేబు నుంచి కాకుండా ప్రభుత్వం నుంచో, హైకోర్టు నడిపే నిధి నుంచో నేరుగా జూనియర్ ఖాతాలో పడాలి. ఇది గాలిలో మాట కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన లా నేస్తం పథకం కింద జూనియర్ అడ్వకేట్లకు నెలకు 5,000 రూపాయలు ఖాతాలో వేశారు. ఆ మొత్తం చాలకపోవచ్చు. కానీ ఆ 5,000 వల్ల ఒక అమ్మాయి ఇంట్లో "బస్సు చార్జీలకు నేను మిమ్మల్ని అడగను" అనగలిగింది. ఆ మాటకు ఆ ఇంట్లో ఎంత విలువ వచ్చిందో నేను చూశాను. మూడేళ్లు ప్రాక్టీసు చేయాలని కోర్టే అంటున్నప్పుడు ఆ మూడేళ్లు బతికే దారి చూపించే బాధ్యత కూడా వ్యవస్థ మీదే ఉంటుంది.

హాలు వదిలి వెళ్లిన సీనియర్

అన్నీ ఇలాగే ఉన్నాయని చెబితే అబద్ధం అవుతుంది. మా దగ్గర సివిల్ వైపు గట్టి పేరున్న ఒక మేడమ్ ఉన్నారు. టైటిల్ దావా అంటే అవతలి పక్షం వాళ్లు ఆమె ఉన్నారా అని ముందు కనుక్కుంటారు. ఆమె ఎలా నిలబడ్డారో ఒకసారి అడిగాను. ఆమె సీనియర్ గారు మొదటి రోజే వకాలత్‌లో తన పేరు పక్కన ఆమె పేరు రాయించారట. ఒక పంపకాల దావాలో క్రాస్ ప్రశ్నలన్నీ ఆమే తయారుచేశారు. రోజు వచ్చేసరికి పార్టీ "సార్ చేస్తేనే చేయండి, లేకపోతే వాయిదా అడగండి" అని పట్టుబట్టాడు. సీనియర్ గారు ఏమీ అనకుండా హాలు బయటకు వెళ్లిపోయారు. జడ్జి గారు చూశారు, ఈమె లేచి నిలబడ్డారు. ఆ క్రాస్ సాయంత్రం దాకా సాగింది. తర్వాతి వాయిదాకు ఆ పార్టీయే "మేడమ్ ఉన్నారా" అని అడిగాడట.

ఒక మంచి సీనియర్ దొరకడం అదృష్టం మీద ఆధారపడకూడదు అన్నదే నా వాదన. ఆయన చేసిన రెండు పనుల్లో ఒకటైనా నియమంగా పెట్టవచ్చు. వకాలత్‌లో జూనియర్ పేరు ఉండటం తప్పనిసరి చేయొచ్చు. ఆ రోజు కోర్టులో ఎవరు హాజరై ఏం చేశారో డాకెట్‌లో (కేసు రోజువారీ నమోదులో) పేరుతో రాయొచ్చు. అప్పుడు మూడేళ్ల అనుభవానికి సాక్ష్యం కోర్టు రికార్డులోనే ఉంటుంది, ఎవరి సంతకం కోసమూ ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. తీర్పు ఆశించిన నాణ్యత కూడా ఇలాగే వస్తుంది. ఎందుకంటే ఇప్పుడున్న పద్ధతిలో మూడేళ్లు కోర్టు మొహం చూడకుండా కోచింగ్ సెంటర్‌లో కూర్చుని, తెలిసిన వకీలు చేత సర్టిఫికెట్ రాయించుకునే వీలు ఉంది. ఇంట్లో ప్లీడర్లు ఉన్న పిల్లలకు ఆ వీలు ఇంకా ఎక్కువ. కుటుంబం నుంచి మొదటిసారి లా చదివిన అమ్మాయే నిజంగా మూడేళ్లూ ఎండలో తిరుగుతుంది.

గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత ప్రాక్టీసుకు విరామం వస్తే దాన్ని మూడేళ్లలో ఎలా లెక్కించాలో కూడా హైకోర్టులు తమ నియమాల్లో స్పష్టంగా రాయాలి. ఇరవై మూడుకు లా పూర్తిచేసిన పిల్లకు ఈ మూడేళ్లు సరిగ్గా ఇంట్లో పెళ్లి మాట గట్టిగా నడిచే వయసులో వస్తాయి. పరీక్ష నేరుగా రాసే రోజుల్లో "ఒక్క ఏడాది ఆగండి, ఉద్యోగం వస్తుంది" అని తల్లిదండ్రులను ఒప్పించేవారు. ఇప్పుడు ఆగమనాల్సింది మూడేళ్లు, ఆ తర్వాత పరీక్షకు ఇంకో ఏడాదో రెండేళ్లో. ఎంతమంది ఇళ్లలో అంత ఓపిక ఉంటుంది?

రానున్న మా బార్ అసోసియేషన్ జనరల్ బాడీ సమావేశంలో నేను ఒక తీర్మానం పెడుతున్నాను. కమిషన్ వారెంట్లు ఇవ్వడానికి జూనియర్లందరి పేర్లతో ఒక జాబితా తయారుచేసి, వరుస ప్రకారం ఇవ్వమని జిల్లా జడ్జి గారిని కోరాలి. గొడవ ఉన్న ఊరైతే పోలీసు సాయం ఆ వారెంటుతోనే ఇవ్వాలి, అది ఆడపిల్ల అయినా మగపిల్లవాడైనా సరే. తీర్మానం కింద సంతకాలు ఇప్పటికే కొన్ని వచ్చాయి. మొదట్లో తీర్పును మెచ్చుకున్న ఆ సీనియర్ గారు కూడా కాగితం అడిగి తీసుకుని చదివారు. వకాలత్‌లో జూనియర్ పేరు సంగతి కూడా ఇందులోనే చేర్చమన్నారు. చేర్చాను.